రాజ్యంగారికి అప్పజెప్పడం

చీరాల నేతపేటలోని చిన్న ఆస్పత్రిలో నర్సు రాజ్యంగారికి ఒక్కటే పిచ్చి. తను చెప్పిన మాట ఎదుటివాళ్ళు బళ్ళో పాఠంలా తిరిగి అప్పజెబితే తప్ప మందు చేతిలో పెట్టదు. "సరేనండి" అంటే ఒప్పుకోదు. "తెలిసిందండి" అంటే అసలే ఒప్పుకోదు. "చెప్పింది నేను, నాకు తెలుసు. నీకేం తెలిసిందో అది చెప్పు" అంటుంది. జ్వరంతో వచ్చినవాడికి సగం జ్వరం ఈ పరీక్ష భయానికే దిగిపోయేది.

మిరపతోట బుల్లయ్యది ఆవిడ పక్కిల్లే. కాయల ఘాటుకి దగ్గు పట్టుకుని ఒకనాడు వచ్చాడు పాపం.

"నీ పేరేంటి?"

"అదేంటమ్మా! పొద్దున మీ ఇంట్లో మజ్జిగ తాగింది నేనే కదా!"

"మజ్జిగకి పేరక్కర్లేదు. మందుకి కావాలి."

"బుల్లయ్యనండి."

"పూటకి ఎన్ని చెంచాలు?"

"రెండండి."

"ఏ చెంచా?"

"మా ఇంట్లో చెంచాలెక్కడివమ్మా? పప్పు గరిటె ఉంది."

రాజ్యంగారి కేకకి కాంపౌండరు చేతిలో సీసా జారిపోయింది. ఆనాటినుంచి నీళ్ళమందు కావాలన్న ప్రతివాళ్ళూ ఇంట్లో చెంచా వెంట తెచ్చి చూపించాలని హుకుం. పేటలో ఉన్న గరిటెలన్నీ ఆస్పత్రి ముఖం చూశాయి. ఒక పెద్దాయన సంధ్య వార్చుకునే ఉద్ధరిణె పట్టుకొచ్చాడు. అన్నిట్లోకీ అదొక్కటే కొలతకి సరిపోయిందట!

ఇట్లాంటి మనిషి చేతిలో పడింది నాంచారమ్మ. అది పందొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం. మొగుడు మార్కండేయులు, ఆమె చెరో మగ్గం మీదా నేస్తూ, రెండేళ్ళ కూతురు రాఘవమ్మని సాక్కుంటూ ఉండగా దగ్గు మొదలై, కఫంలో ఎరుపు కనిపించింది. డాక్టరు క్షయ అన్నాడు. రోజు విడిచి రోజు సూది, పొద్దున రెండు బిళ్ళలు, సాయంత్రం రెండు. తక్కువలో తక్కువ ఏడాది. అంతవరకూ పిల్ల దగ్గర ఉండకూడదు. నాంచారమ్మ తల్లి పేరమ్మ ఒంగోలునుంచి వచ్చి, ఏడుస్తున్న పిల్లని చంకనేసుకుని రైలెక్కింది.

"ఏదీ, చెప్పు," అంది రాజ్యంగారు.

"పొద్దున రెండు, సాయంత్రం రెండు... పాపనెప్పుడు తెచ్చుకోవచ్చండీ?"

"అది చీటీలో లేదు. మళ్ళీ చెప్పు."

ఈ మనిషికి గుండె అనేది ఉందా అనుకుంది నాంచారమ్మ. మనసులో తిట్టుకుంటూనే అప్పజెప్పింది.

పిల్ల ఉన్నప్పుడు మగ్గం పక్కన కూర్చుని కండెల దారమంతా చిక్కుపెట్టేది. ఎన్ని తిట్లు తిట్టిందో, వీపు మీద ఎన్ని వేసిందో! ఇప్పుడు దారం చిక్కు లేకుండా సాగిపోతుంటే ఏడుపొచ్చేది. దారపు కండె ఉన్న నాడె విసరబోయి ఆగి, పక్కకి చూసేది. పిల్ల గౌను మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని నేసేది. పిల్ల వాసన దాన్నుంచి రోజురోజుకీ పోతోందని ఆమెకే తెలుసు. ఒంగోలు వైపు పోయే బండి కూత వినిపిస్తే చాలు, చెయ్యి ఆడేది కాదు.

మూడో నెలలో ఒకరోజు రాజ్యంగారు బిళ్ళల డబ్బీ మూత తీసి చూసింది.

"వారం రోజులకి ఇచ్చాను. నాలుగు రోజులకే అయిపోయాయేం? అప్పజెప్పు."

"పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు," అంది నాంచారమ్మ నేల చూపులు చూస్తూ.

"నీ తల పగలగొట్టా! ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదండి. పండక్కి చీరలు అందించాలంటే రెండు రోజుల నేత ఒక రోజులో నేస్తాం కదండీ. ఏడాది మందు ఆరునెల్లలో మింగేస్తే పిల్ల తొందరగా వస్తుందనీ..."

కడుపులో తిప్పుతున్నా, అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నా ఓర్చుకుందట వెర్రిబాగులది. రాజ్యంగారు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళి చూపించి, తీసుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టింది.

"మందు మగ్గం కాదే పిల్లా! ఎక్కువ మింగితే ఒళ్ళు పాడవుతుంది కానీ రోజులు తరగవు. అంత తొందరేమొచ్చింది?"

"అది నన్ను మర్చిపోతుందండీ," అని భోరుమంది నాంచారమ్మ. "రెండేళ్ళ పిల్లకి ఏం గుర్తుంటానండీ? బాగయ్యాక వెళ్తే, ఎవరే ఈవిడ అంటుంది. ఆ మాట వినడానికా నేను బతికేది?"

రాజ్యంగారు డబ్బీ మూత బిగించింది. తర్వాత ఒంగోల్లో తల్లిగారిల్లు ఏ వీధో అడిగి, తిరిగి చెప్పించుకుంది. ఆ పైన, పొద్దున రెండు, సాయంత్రం రెండు, ఒకటి ఎక్కువా కాదు తక్కువా కాదని పదిసార్లు అప్పజెప్పించుకునిగానీ వదల్లేదు.

పద్నాలుగో నెలకి కఫం పరీక్ష వరసగా మూడుసార్లు శుభ్రంగా వచ్చింది. పిల్లని తెచ్చుకోమన్నాడు డాక్టరు. కబురందిన మర్నాడే పేరమ్మ మనవరాలితో దిగింది.

నాంచారమ్మ గడపలో నిలబడిపోయింది. పిల్ల ఎంత పొడుగైందో! రెండు జడలు కూడా వచ్చాయి. చేతులు చాపింది. పిల్ల అమ్మమ్మ చీర కుచ్చిళ్ళ వెనక దాక్కుంది. అక్కణ్ణించే తొంగిచూసి అడిగింది: "నీ పేరేంటి?"

నాంచారమ్మ చాపిన చేతులు దించేసింది. అనుకున్నంతా అయింది.

"నాంచారమ్మ," అంది.

"ముక్కు పక్కన మచ్చేదీ?"

నాంచారమ్మ తెల్లబోయింది. పేరమ్మ పకపకా నవ్వింది.

"ఆ నర్సమ్మ నేర్పిందే! నెలకి రెండు ఆదివారాలు పాసింజరులో దిగేది. మీ అమ్మ పేరేంటి, మచ్చెక్కడ, ఎందుకు రాలేదు, ఏం మందేసుకుంటోంది, అన్నీ దీనిచేత అప్పజెప్పించేది. తప్పు చెబితే మళ్ళీ మొదటికే! నీతో అనొద్దంది. అంటే నువ్వూ బండెక్కేస్తావంట."

నాంచారమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో ముక్కు పక్కన మచ్చ చూపించింది. పిల్ల దగ్గరికొచ్చి, గోటితో గీకి మరీ చూసింది.

"బిళ్ళలన్నీ వేసుకున్నావా?"

"వేసుకున్నాను తల్లీ. పొద్దున రెండు, సాయంత్రం రెండు."

రాఘవమ్మ కాసేపు ఆలోచించి, రెండు చేతులూ పైకెత్తింది.

"అయితే ఎత్తుకో."