కౌలుకిచ్చిన ఆటలు

మా చెల్లెలు శ్రావ్య మొగుడు జీవన్ కుమార్‌కి నలభై రెండేళ్ళు. గుడివాడలో డాబా ఉంది, పామిడిముక్కల దగ్గర మాగాణి ఉంది. రెండూ వాళ్ళ నాన్న గోవర్ధనరావుగారివి. ఈయన స్వయంగా సంపాదించిందల్లా మేడమీది గదిలో, కంప్యూటర్లో ఉంది. వీడియో గేములు. కొన్నవే గాని ఆడనివి, మూడు వందల పైమాట.

ఎందుకు కొన్నావయ్యా అంటే సేల్ వచ్చిందంటాడు.

"సగం ధరకే ఇచ్చారు వదినా, వదిలేస్తే నష్టం కదా!"

కొని ఆడకపోతే నష్టం కాదట, కొనకపోతేనే నష్టమట. బందరు హైస్కూల్లో పాతికేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను, ఈ లెక్క మాత్రం నాకింతవరకూ తేలలేదు.

ఆడడం అసలు మొదలుపెట్టడని కాదు. గేము తెరుస్తాడు. అందులో వీరుడికి జుట్టు ఎలా ఉండాలి, మీసం ఉండాలా వద్దా, అంగీ ఏ రంగు అని గంటసేపు ఎంచుతాడు. జీవన్ అని పేరు పెడతాడు. వాణ్ణి నాలుగడుగులు నడిపించి, టీ తాగడానికి కిందికి దిగుతాడు. ఇక ఆ గేము మొహం చూడడు. ఆ కంప్యూటర్లో ఎన్ని రాజ్యాలున్నాయో నాకు తెలియదు గాని, ప్రతి రాజ్యంలోనూ జీవన్ అనే వీరుడు కొత్త బట్టలు కట్టుకుని పొలిమేరలోనే నిలబడి ఉన్నాడు.

మనిషి బతుకే అంత. ఇంజినీరింగ్ సగంలో వదిలేసి ఇంటికొచ్చాడు. మంచినీళ్ళ ప్లాంటు పెడతానని బోరు వేయించి, షెడ్డు కట్టించి, బోర్డు కూడా రాయించాడు. యంత్రాలు దిగేలోపు మోజు తీరిపోయింది. తర్వాత కోళ్ళ ఫారం అన్నాడు. కోళ్ళు తప్ప అన్నీ వచ్చాయి. డాబా మీద రెండో అంతస్తుకు లేపిన స్తంభాల ఇనుప చువ్వలు ఏళ్ళ తరబడి ఆకాశంలోకి చూస్తుంటే, శ్రావ్య వాటికి తాడు కట్టి బట్టలారేస్తోంది. ఆరంభశూరత్వం అనే మాట వినడమే గాని, దాన్ని బనీనుతో ఇంట్లో తిరుగుతుండగా చూసింది ఈయన్నే.

ఇదంతా వాళ్ళ సొమ్ము, వాళ్ళిష్టం అని ఊరుకున్నాను. కాని ఈయన కన్ను దివిసీమ మీద పడింది.

మా అమ్మ పోతూ పోతూ బందరు ఇల్లు నాకూ, అవనిగడ్డ అవతలున్న రెండెకరాల మాగాణి శ్రావ్యకూ రాసింది. ఆ పొలాన్ని డేవిడ్ రాజు కౌలుకు చేస్తాడు. అంతకు ముందు వాళ్ళ నాన్న చేసేవాడు. మా రెండిళ్ళలోనూ ఉడికేది ఆ బియ్యమే. శ్రావ్యకు అది పొలం మాత్రమే కాదు, అమ్మ. కృత్తివెన్నులో ఎవరో స్నేహితులు రొయ్యల మీద బాగుపడ్డారని విని, ఈయన ఆ రెండెకరాలూ చెరువు తవ్విస్తానని మొదలుపెట్టాడు. ఒక్కసారి తవ్వి ఉప్పునీళ్ళు పెడితే ఆ మట్టి మళ్ళీ వరికి పనికిరాదు. అది మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఈయన దాన్ని ఉప్పుకు దానం చేస్తానంటాడు.

వరి కోతలు, మాసూళ్ళయిన తర్వాత ఒక ఆదివారం ఇద్దరూ మా ఇంటికి భోజనానికొచ్చారు. చెరువు ఇంకా తవ్వలేదు, రొయ్యపిల్ల వెయ్యలేదు, ఈయన మాత్రం రొయ్యలమ్మిన డబ్బుతో ఏ రంగు కారు కొనాలో మా డైనింగ్ టేబుల్ దగ్గర ఆలోచిస్తున్నాడు. శ్రావ్య సంతకం ఒక్కటే తరువాయట. అంతసేపూ వడ్డిస్తున్న శ్రావ్య గరిటె కింద పెట్టింది.

"సంతకం పెడతానండీ. ముందు ఒక్కటి చేసి చూపించండి."

"ఏంటది?"

"మేడమీద మీ గేములున్నాయిగా. వాటిల్లో ఓ ఇరవై పూర్తి చెయ్యండి. మీ ఇష్టమొచ్చినవే, కాని ఏ ఇరవయ్యో ముందే రాసివ్వండి. ఆట అయిపోతే సినిమాకి పడ్డట్టు చివర్న పేర్లు పడతాయంట కదా, ఆ పేర్లు నేను కళ్ళారా చూడాలి. జూన్‌లో కాలవకి నీళ్ళొదిలేలోపు అయితే చెరువు తవ్వించుకోండి. కాకపోతే నేను నారు పోయిస్తా. మళ్ళీ ఆ పొలం ఊసెత్తకూడదు."

"ఓస్, ఇంతేనా!" అని ఆయన పెరుగన్నం సగంలో వదిలేసి లేచాడు.

వంటింట్లో దాన్ని చెడామడా తిట్టాను. "ఆటలకి అమ్మ పొలం పందెం కాస్తావుటే?"

"అక్కా, నేనాయనతో పదహారేళ్ళు కాపురం చేశాను. టీ గ్లాసు అడుగుదాకా తాగడం ఒక్కసారి చూడలేదు" అంది శ్రావ్య.

జీవన్ కుమార్ ఘనంగా మొదలుపెట్టాడు. నడుముకు మంచిదని కొత్త కుర్చీ వచ్చింది. వేళ్ళకు మంచిదని కొత్త కంట్రోలర్ వచ్చింది. పిల్లి ఒకటి గోడలెక్కి దిగే చిన్న ఆట ఉంటే దాన్ని ఒక పూటలో ముగించి, వీధిలో వాళ్ళకి స్వీట్లు పంచాడు. రెండో ఆటలో మొదటి రాక్షసుడి దగ్గరే చతికిలబడ్డాడు. చెయ్యి లాగుతోందన్నాడు. తర్వాత మెడ పట్టేసిందన్నాడు. చివరికి ఆ ఆట తయారు చేసినవాళ్ళకే బుర్రలేదని తేల్చాడు. ఏప్రిల్ వచ్చేసరికి ఆయన ఖాతాలో పిల్లి ఒక్కటే ఉంది. నేను కుదుటపడ్డాను.

అప్పుడు నాగబాబు దిగాడు. బందరు పక్కన చేపలరేవు గిలకలదిండి మనిషి. ఒకప్పుడు బందరులో నెట్ సెంటర్ నడిపేవాడు. ఫోన్లొచ్చి అది మూతపడ్డాక వాళ్ళ బావ బోటు మీద వేటకు పోతున్నాడు. ఏప్రిల్ మధ్యలో సముద్రం మీద వేట నిషేధం మొదలై బోట్లన్నీ ఒడ్డెక్కాక, పాత స్నేహం కొద్దీ జీవన్ కుమార్‌ని చూడ్డానికొచ్చాడు. నోరు పెద్దది, ఆకలి ఇంకా పెద్దది. "ఇదాండీ మిమ్మల్నాపింది?" అంటూ కుర్చీలో కూర్చుని, ఈయన రెండు నెలల రాక్షసుణ్ణి ఇడ్లీ ప్లేటు చల్లారేలోపు చంపేశాడు.

మా మరిది బుర్ర అప్పుడు పనిచేసింది. నాగబాబుకి గేములు కౌలుకిచ్చేశాడు.

శ్రావ్య ఫోన్ చేసి చెబితే నేను బస్సెక్కి గుడివాడ వెళ్ళాను, దెబ్బలాడడానికే వెళ్ళాను.

"ఇదెక్కడి న్యాయమయ్యా? నిన్ను కదా ఆడమంది!"

జీవన్ కుమార్‌కి సిగ్గు లేదు. "మా నాన్న నలభై ఏళ్ళు వ్యవసాయం చేశాడు వదినా. ఒక్కనాడన్నా నాగలి ముట్టుకున్నాడా? అయినా గోవర్ధనరావుగారి పంట అనేగా అంటారు ఊళ్ళో. ఇదీ అంతే. గేములు నావి, కరెంటు నాది, వాడి టిఫిన్లు నావి. కష్టం వాడిది, పంట నాది."

పడక్కుర్చీలో ఉన్న గోవర్ధనరావుగారు పేపరు దించి, "వాడన్నదాంట్లో తప్పేవుందమ్మా?" అన్నారు. ఆయనకు కొడుకు మీద జన్మలో మొదటిసారి గర్వం కలిగినట్టుంది. నేను అసహ్యంతో శ్రావ్య వైపు తిరిగాను.

శ్రావ్య మాత్రం, "సరే. పేర్లు పడాలి, అంతే" అంది. దాని తల పగలగొట్టాలనిపించింది.

ఎందుకంటే పేర్లు పడుతున్నాయి. నాగబాబు పొద్దున్నే వచ్చి కూర్చుంటే సాయంత్రం దాకా లేచేవాడు కాదు. ఒక్కో ఆట అయిపోగానే మేడమీంచి కేకేసేవాడు. శ్రావ్య చేతులు తుడుచుకుంటూ వెళ్ళి, పేర్లన్నీ పైకి పాకేదాకా నిలబడి చూసి, తలూపి దిగివచ్చేది. ఆ మెట్ల మీద ప్రతిసారీ దాని మొహం కొంచెం చిన్నదయ్యేది. జీవన్ కుమార్ వీధి అరుగు మీద "నిన్న డ్రాగన్‌ని లేపేశాం" అని చెప్పుకునేవాడు. డ్రాగన్‌ని లేపేసినప్పుడు ఈయన పక్కగదిలో ఏసీ వేసుకుని గురక పెడుతున్నాడు. మే నెలాఖరుకి పంతొమ్మిది అయ్యాయి. చెరువు తవ్వే మిషన్ వాడికి ఫోన్లు కూడా మొదలయ్యాయి. నాకు అన్నం సయించలేదు.

రాసిచ్చిన ఇరవైలో చివరికి మిగిలింది వ్యవసాయం ఆట. ఎక్కడో జపాన్‌లో చేసిందట. కొండవాలున ఒక మడి ఉంటుంది. రాళ్ళేరి, దున్ని, వరి పండించాలి. నాలుగు పంటలు చేతికొస్తే ఆట ముగుస్తుంది. సముద్రం మీద బతికే నాగబాబుకి బురద గిట్టక దాన్ని ఆఖరుకి నెట్టాడు. తీరా దిగాక మోజు పుట్టింది. అందులో రైతుకి తన పేరే పెట్టుకున్నాడు. ఎప్పుడు నీళ్ళు తియ్యాలో, ఎప్పుడు కలుపు పీకాలో రెండు పంటలు పాడుచేసుకుని మరీ నేర్చాడు. నాలుగో పంట పాలుపోసుకుంటుండగా గోవర్ధనరావుగారు మోకాళ్ళు పట్టుకుంటూ మేడెక్కారు.

నాగబాబు తల తిప్పకుండానే, "చూడండి పెద్దాయనా, నా చేను ఎట్టా ఉందో!" అన్నాడు.

"నీ చేనా?"

"దున్నేవోడిదే కదండీ భూమి!" అని నాగబాబు పెద్దగా నవ్వాడు.

గోవర్ధనరావుగారు నవ్వలేదు. కౌలుదారుణ్ణి ఒకే పొలంలో వరసగా మూడేళ్ళు ఉండనివ్వకూడదనేది ఆయన జీవితంలో నేర్చిన ఏకైక వ్యవసాయ విద్య. ఉండనిస్తే హక్కంటాడని భయం. కిందికొచ్చి కొడుకుని పిలిచారు.

"ఒరే జీవా, వాణ్ణి మార్చెయ్. కోతకి ముందే మార్చాలి, కోతయ్యాక కదలడు."

చదువుకోమన్నప్పుడు వినని కొడుకు, షెడ్డు పూర్తి చెయ్యమన్నప్పుడు వినని కొడుకు, ఇది మాత్రం ఆ క్షణమే విన్నాడు. మర్నాడు నాగబాబుని గేటు దగ్గరే నిలబెట్టి, ఇక రానక్కర్లేదన్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చాలామందిని చూశాను. నడి ఏట్లో కూర్చుని తగలేసుకున్నవాణ్ణి ఈయన్నే చూశాను.

కొత్త కౌలుదారు గణపతి, ఫోన్లు బాగుచేసే షాపు నడిపే నలభై ఏళ్ళ మనిషి. కుర్చీలో కూర్చోగానే తెర మీద నాగబాబు పేరు కనిపించింది. వెనక నిలబడ్డ జీవన్ కుమార్‌కి ఒళ్ళు మండింది.

"ఆ పేరెందుకింకా? తీసేసి జీవన్ అని పెట్టు."

"తీసేస్తే పంట పోద్దేమోనండీ" అన్నాడు గణపతి.

"పొలం మనదైతే పంటెక్కడికి పోద్దయ్యా? తీసెయ్."

గణపతి తీసేశాడు. పేరుతోపాటు నాగబాబు ఆడిందంతా చెరిగిపోయింది. పచ్చటి చేను మాయమై, రాళ్ళూ ముళ్ళూ ఉన్న బీడు తెర మీద నిలబడింది. గణపతి దాన్ని కాసేపు చూసి, షాపు తాళం వెయ్యడం మర్చిపోయానని చెప్పి వెళ్ళిపోయాడు.

జీవన్ కుమార్ నాగబాబుకి ఫోన్ మీద ఫోన్ చేశాడు. రెండు రోజులు ఎత్తలేదు. ఎత్తేసరికి అటువైపు ఇంజను మోత.

"వేట తెరిచారండీ జీవన్ గారూ! బోటు మీదున్నాను. సిగ్నల్ పోద్ది."

పోయింది.

ఇక వేరే దారి లేక మా మరిది ఆ కుర్చీలో తానే కూర్చున్నాడు. ముందు పద్ధతి ప్రకారం తలపాగా రంగు ఎంచుకున్నాడు. రాళ్ళు ఏరడానికి ఒక పూట పట్టింది. విత్తనాలు చల్లితే పిట్టలు తిన్నాయి. మళ్ళీ చల్లితే నీళ్ళెక్కువై కుళ్ళాయి. పక్కన కుర్చీ వేసుకుని గోవర్ధనరావుగారు కూర్చున్నారు. నలభై ఏళ్ళ వ్యవసాయం పక్కనుంది కదా అని ఈయన, "నాన్నా, ఎంత లోతు దున్నాలి?" అని అడిగితే, ఆయన కళ్ళజోడు సర్దుకుని, "అవన్నీ వాళ్ళు చూసుకునేవాళ్ళురా" అన్నారట. శ్రావ్య నాకు చెప్పి, నవ్వకుండా ఫోన్ పెట్టేసింది.

ఆ వారమే కాలువలకు నీళ్ళు వదిలారు. శ్రావ్య మొగుడికి చెప్పే గుడివాడలో బస్సెక్కింది. ఆయన తెర మీంచి కళ్ళు తిప్పకుండా ఊఁ అన్నాడట. నేను బందరు నుంచి వెళ్ళి అవనిగడ్డలో దాన్ని కలుసుకున్నాను. మేం చేరేసరికి డేవిడ్ రాజు నారుమడి సిద్ధం చేసి, మొలకెత్తిన వడ్లు చల్లుతున్నాడు. శ్రావ్య చెప్పులు గట్టు మీద విడిచి, మడి అంచున నీళ్ళలో దిగి నిలబడింది. నెలల తర్వాత దాని మొహం విప్పారడం చూశాను. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

అప్పుడే గట్టు మీదున్న డేవిడ్ రాజు ఫోన్ మోగింది. చేతులు బురదగా ఉన్నాయి, కాస్త స్పీకర్ పెట్టమన్నాడు. పెట్టాను.

"రాజూ, నేను జీవన్ని, గుడివాడ నుంచి. చిన్న డౌటు. నారు పోశాక ఎన్నాళ్ళకి నాట్లు వెయ్యాలి?"

"నెలలోపే ఊడ్చెయ్యాలండీ. ఏ చేనుకండీ బాబుగారూ?"

జవాబుకి బదులు వెనక నుంచి గోవర్ధనరావుగారి గొంతు వినిపించింది. "నీళ్ళెంత పెట్టాలో కూడా అడగరా!"

శ్రావ్య గట్టెక్కి వచ్చి ఫోన్ దగ్గరకు వంగింది. "ఏవండీ, నేనిక్కడే ఉన్నాను. నీళ్ళొచ్చినాయి. మన చేలో నారు పోయించేశాను."

పందెం పోయిందని ఇప్పుడు ఏడుస్తాడో, అరుస్తాడో అని నేను కాచుకుని ఉన్నాను.

"అది సరేలే శ్రావ్యా" అన్నాడు జీవన్ కుమార్, "నీళ్ళెంత పెట్టాలో రాజుని కాస్త అడుగు. ఇక్కడ మళ్ళీ కుళ్ళిపోతోంది."

శ్రావ్య ఆ ఫోన్ వంక చూసింది. మా అమ్మ పొలాన్ని ఇన్ని నెలలు నిద్ర లేకుండా కాచింది ఈ మనిషి నుంచా అన్నట్టు చూసింది. తర్వాత దాన్ని డేవిడ్ రాజు చెవి దగ్గరకు జరిపింది.

"చెప్పు రాజూ" అంది. "పాపం, వాళ్ళింట్లో ఎవరికీ తెలీదు."