మా ఇంట పెరిగిన వేటకుక్క

పోయిన వారం జెర్సీ సిటీలో మా అమ్మాయి వాళ్ళ బిల్డింగ్‌లో లిఫ్ట్ ఎక్కితే, మధ్యలో తలుపు తెరుచుకుని, తెలుపు మీద నలుపూ గోధుమరంగూ మచ్చలున్న కుక్కొకటి, దాని వెనక ఒక కుర్రపిల్లా లోపలికొచ్చారు. నేను కూరగాయల సంచీ గుండెలకి అడ్డం పెట్టుకుని గోడకి అతుక్కుపోయాను. ఆ పిల్ల నవ్వి, భయం లేదు, ఇది చాలా మంచిది అంది. మంచిదే కావచ్చు తల్లీ, ఇదే రంగు కుక్కని ఒకప్పుడు ఆర్నెల్ల పాటు నేనే మేపాను, అయినా ఈ భయం నన్ను వదల్లేదు.

పిచ్చికుక్క అంటే ఏమిటో మన వయసు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మా గోదావరి పక్క పల్లెలో మా తమ్ముణ్ణి కుక్క కరిస్తే, ఆకు పసరు పోయించి, పాస్టరుగారి చేత ప్రార్థన చేయించాం, గాయం మానింది, గండం గడిచిందనుకున్నాం. ఆ తర్వాత ఒకనాడు అమ్మ చెంబుతో నీళ్ళందిస్తే, వాటిని చూసి వాడు పెట్టిన కేక నేను పోయేదాకా నా చెవుల్లోనే ఉంటుంది. వాడు మాకు దక్కలేదు. అటువంటిదాన్ని, పెళ్ళై అమెరికా వచ్చి కాపురం పెట్టింది కుక్కల కొట్టం పక్కన!

ఎనభైల మొదట్లో సంగతి. మా ఆయన మనదేశంలో పశువుల డాక్టరే గానీ, ఇక్కడి పరీక్షలు పాసయ్యేదాకా ఇల్లు గడవాలి కదా, వర్జీనియాలో నక్కల వేటకి పెంచే కుక్కల దండు దగ్గర పనికి కుదిరారు. ఆ దండుని నడిపేది ఒక ముసలి ఇంగ్లీషాయన; మా పాప ఆయన్ని తాత అనేది, మేమూ అలాగే అనేవాళ్ళం. వాళ్ళ నాన్న ఆ కుక్కల ముత్తవ్వల్ని ఇంగ్లండు నుంచి ఓడలో తెచ్చాడట, తుఫానులో తన కంబళి వాటికి కప్పి తను వణుకుతూ కూర్చున్నాడట. ఏది ఏ తల్లి బిడ్డో, ఆ తల్లి ఎవరి కూతురో, మన ముసలమ్మలు చుట్టరికాలు కలిపినట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. తిండి పెట్టేటప్పుడు గుమ్మంలో నిలబడి ఒక్కోదాన్నీ పేరుపెట్టి పిలిచేవాడు. పిలిచినదే లోపలికి వెళ్ళేది, మిగిలినవి చొంగ కార్చుకుంటూ ఆగేవి. అవన్నీ ఒక్కసారిగా గొంతెత్తాయంటే నేను తలుపు గడియ పెట్టేసుకునేదాన్ని.

వాళ్ళకొక ఆనవాయితీ ఉంది. పాలు మరిచిన పిల్లల్ని కొట్టంలో ఉంచరు. కార్లకీ కోళ్ళకీ మనుషులకీ బెదరకుండా ఉండాలని చుట్టుపక్కల ఇళ్ళకి పెంపకానికిచ్చి, ఎదిగాక వెనక్కి తీసుకుంటారు. ఒక వేసవిలో తాత ఒక ఆడ కుక్కపిల్లని చంకనేసుకుని మా ఇంటికే వచ్చాడు. నేను డైనింగ్ టేబుల్ ఎక్కేశాను.

"దిగవే, నవ్విపోతారు. అది నీ చెప్పంత లేదు," అన్నారు మా ఆయన.

"తేలు ఎంతుంటుందేవిటి? ముందు దాన్ని బయటికి తీసుకెళ్ళండి!"

మూడేళ్ళ మా పాప అప్పటికే దాని మెడ కావలించుకుంది. ఇంకేం చేస్తాను, రోజూ పాలన్నం పెరట్లో పెట్టి, "రామ్మా, రా" అని పిలిచి, ఒక్క అంగలో జాలీతలుపు వెనక్కి వచ్చి పడేదాన్ని.

ఆ ఏడే అక్కడి రకూన్లకి పిచ్చి సోకింది. కళ్ళకి నల్ల గంతలు కట్టుకున్నట్టుండే జంతువది; రాత్రిపూట తిరిగేది పట్టపగలు కనిపిస్తే దగ్గరికి పోవద్దని అందరూ చెప్పుకునేవారు. ఒక మధ్యాహ్నం చింతపండు పిసుకుతూ కిటికీలోంచి చూద్దును కదా, పెరట్లో పాప "పిల్లీ, పిల్లీ" అంటూ చెయ్యి చాస్తోంది. ఎదురుగా రకూన్, తూలుతూ, నోటివెంట నురగతో. నా కాళ్ళు నేలలో పాతుకుపోయాయి. ప్రభువా అన్న మాట సగమే వచ్చింది. అంతలో ఆ కుక్కపిల్ల వాళ్ళిద్దరి మధ్యకీ వచ్చి, ఒళ్ళంతా నిక్కబొడుచుకుని కూత పెట్టింది. కొట్టంలో దండంతా బదులు పలికింది. ఆ హోరుకి నాకు కాళ్ళొచ్చాయి. పులుసు చేత్తోనే పరుగెత్తి పాపని ఎత్తుకున్నాను. రకూన్ కుక్కపిల్ల మీద పడి కరిచి, కంచె వైపు తూలిపోతుంటే, తాత తుపాకీతో వచ్చి కాల్చాడు. ఈలోగా పాప వంగి, రకూన్ చొంగతో తడిసిన కుక్కపిల్ల మెడని నిమరనే నిమిరింది.

ఆ రకూన్ పిచ్చిదేనని పరీక్షలో తేలింది. పాపకి సూదులు వేయించాం. కుక్కపిల్లకి మాత్రం ఇంకా టీకా వేసే ఈడు రాలేదు. చంపెయ్యాలి, లేదా ఆర్నెల్లు ఒంటరిగా బంధించాలి, అదీ చట్టం. కొట్టంలో ఉంచితే ఓడ దిగిన వంశమంతా పోతుందని, తాత కళ్ళు తుడుచుకుంటూ తుపాకీ అందుకున్నాడు.

"మన గరాజ్‌లో కట్టేయమనండి," అన్నాను.

మా ఆయన తెల్లబోయారు. "దాన్ని చూస్తేనే జడుసుకుంటావు, నువ్వు మేపుతావా?"

"జడుసుకుంటూనే మేపుతాను. చంపనివ్వను."

గరాజ్‌కి రెండు వరసల ఇనప తడికలు బిగించి, తిండీ నీళ్ళూ కిందనుంచి తోసే ఏర్పాటు చేశారు. ముందు నీళ్ళు తోసేదాన్ని. అది నాలుకతో చప్పుడు చేస్తూ తాగేదాకా అక్కణ్ణుంచి కదిలేదాన్ని కాదు. ఇంట్లో పాప గ్లాసు ఎత్తినా, గుటక పడేదాకా దాని గొంతు వంకే చూసేదాన్ని. చలికాలంలో ఒక పొద్దున చప్పుడు వినపడలేదు. గిన్నె దగ్గరకొచ్చింది, మూతి పెట్టి వెనక్కి తీసుకుంది. గోడకి జారగిలబడి ఏడుస్తుంటే మా ఆయన వచ్చి, గిన్నె బయటికి లాగి తలకిందులు చేశారు. నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి.

గడువు గడిచింది, పాపా బతికింది, అదీ బతికింది. కొట్టానికి వెళ్ళాక తాత ఎన్ని ఇంగ్లీషు కేకలు వేసినా తిండికి కదలదే! చివరికి మా ఆయన దగ్గర నేర్చుకుని, ఆ ముసలాయన గుమ్మంలో నిలబడి "రామ్మా, రా" అని పిలిచేవాడు. అంత దండులోంచీ అదొక్కతే తోక ఊపుతూ వచ్చేది. వేటకి పోతూ మా కంచె దగ్గర ఆగి, సందులోంచి మూతి చాపేది. నేను చెయ్యి కొంగులో దాచుకునేదాన్ని.

తాత పోయాక దండు చెదిరిపోయిందని విన్నాను. మొన్నామధ్య అమ్మాయి అటుగా డ్రైవ్ చేస్తే, పొలాల్లో వరసగా ఇళ్ళు, ఎక్కడా ఒక్క గొంతు లేదు. "నాకేం గుర్తు లేదమ్మా," అంది, ఆనాడు కుక్కపిల్లని నిమిరిన ఆ చేత్తోనే స్టీరింగ్ తిప్పుతూ. నాకేమో ఒక్కసారైనా దాని తల నిమిరి ఉండాల్సింది అనిపిస్తుంది. మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడినా, నిజం చెప్పాలంటే, చెయ్యి కొంగులోనే దాచుకుంటానేమో.