బొట్టు పెట్టిన బ్యాటరీ

కోడలి ల్యాప్‌టాప్ బ్యాటరీ కోసం నేను గుంటూరు ఏడుసార్లు తిరిగానని మా బజారులో చెప్పుకుంటారు. చెప్పింది నేనే. తిరిగింది రెండుసార్లు. ఆ రెండిటికే నా మోకాళ్ళు ఏడుసార్ల పాట్లు పడ్డాయి కాబట్టి, అందులో మరీ అంత అబద్ధం లేదనుకుంటాను.

అప్పటికి దర్శిలో నా బ్యాటరీ షాపు మూసేసి నాలుగేళ్ళయింది. ముప్పై ఏళ్ళపాటు ట్రాక్టరు బ్యాటరీలకీ, మైకుసెట్టు బ్యాటరీలకీ చార్జింగు పెట్టి ఇచ్చినవాణ్ణి. ముప్పై కాదు, ఇరవై రెండు. యాసిడ్ చుక్కలు పడి నా లుంగీలన్నీ జల్లెళ్ళయిన మాట మాత్రం నిజం. అందుకే కోడలు "బ్యాటరీ మార్చాలి మామయ్యా" అనగానే, "దానికి ఇంకొకణ్ణి అడగడమెందుకమ్మాయ్, నేను లేనా" అన్నాను. అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

మావాడు లారీ తోలతాడు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. కోడలు డిగ్రీలో కంప్యూటర్లు చదువుకుంది. ఊళ్ళో ఒక ప్రైవేటు స్కూలువాళ్ళు ఆమెను మూణ్ణెల్లకని తీసుకున్నారు. ఆ స్కూల్లో జనరేటరు లేదు. కరెంటు కోతల రోజులవి. పొద్దున పోయిన కరెంటు ఎప్పుడొస్తుందో సబ్‌స్టేషన్ వాడికి కూడా తెలియదు. కరెంటు పోగానే స్కూల్లో ఉన్న రెండు పాత కంప్యూటర్లూ కళ్ళు తేలేసేవి. పాఠం సాగాలంటే ఆమె సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాపే దిక్కు. దాని బ్యాటరీ చూస్తే మూడు నిమిషాలు కూడా నిలిచేది కాదు.

ఆ శనివారం స్కూలు యజమానీ, పిల్లల తల్లిదండ్రులూ వచ్చి పాఠం చూస్తారట. బాగుందంటే ఉద్యోగం ఖాయం. మధ్యలో ఆగిపోతే మళ్ళీ మా కల్లంలో మిరపకాయల తొడిమలు తీయడమే. పెళ్ళైన కొత్తలో ఒక సీజనంతా ఆ పని చేసింది. సాయంత్రమయ్యేసరికి రెండు చేతులూ మజ్జిగ గిన్నెలో ముంచుకుని అరుగు మీద కూర్చునేది. అప్పుడు ఒక్క మాట అనలేదు. ఈ శనివారం గురించి మాత్రం రోజుకి నాలుగుసార్లు అనేది.

మంగళవారం గుంటూరు వెళ్ళి బ్యాటరీ తెచ్చాను. మూరెడు కూడా లేదు, చేతిలో పట్టుకుంటే రూళ్ళకర్రలా ఉంది. ఇంటికొచ్చేసరికి కోడలు ఇంకా స్కూల్లోనే ఉంది. మా షాపులో ఒక పద్ధతి ఉండేది. ఏ కొత్త బ్యాటరీ అయినా సరే, పసుపు రాసి బొట్టు పెట్టనిదే చార్జింగుకి ఎక్కించేవాణ్ణి కాదు. బొట్టు కూడా ఎక్కడంటే అక్కడ కాదు, సరిగ్గా తీగలు బిగించే రెండు టెర్మినళ్ళ మధ్య. రైతులు దాన్ని చూసే నా దగ్గరకు వచ్చేవాళ్ళు. అలవాటు చొప్పున పసుపు తడిపాను. కళ్ళజోడు పెట్టుకుని టెర్మినళ్ళ కోసం వెతికితే ఒక చివర దువ్వెన పళ్ళలాంటి సందులు, లోపల ఇత్తడి రేకులు కనిపించాయి. ఇదే దీని మొహం అనుకుని అక్కడే పసుపు రాసి, కుంకుమ పెట్టాను. తడి ఎక్కువై కాస్త కారింది. కండువాతో అదిమి తుడిచి, ఎండలో పెట్టాను.

సాయంత్రం కోడలు దాన్ని బిగించి, ప్లగ్గు పెట్టింది. తెర మీద ఇంగ్లీషులో ఏదో వచ్చింది.

"ఏమంటుంది?" అన్నాను.

"ప్లగ్గు పెట్టావు గానీ నాకు చార్జింగు ఎక్కడం లేదంటుంది మామయ్యా."

"కొత్తది కదమ్మా, మొరాయిస్తుంది. తెల్లారేసరికి దార్లోకి వస్తుంది."

తెల్లారింది. రాలేదు. ఇక మొదలుపెట్టాం. ప్లగ్గు హాల్లోంచి వంటింటికి మార్చాం, వంటింట్లోంచి టీవీ వెనక్కి మార్చాం. బ్యాటరీ తీసేసి వట్టి చార్జరు మీద నడిపితే మిషను బంగారంలా నడిచింది. పాత బ్యాటరీ పెడితే చార్జింగు ఎక్కింది, తీగ పీకగానే మూడు నిమిషాలకి చచ్చింది. కోడలు షాపుకి ఫోను చేస్తే, బ్యాటరీ, చార్జరు రెండూ పీకేసి బటన్ అరనిమిషం నొక్కి పట్టుకోమన్నాడట. నేను నొక్కాను. మా ఆవిడ నూటిరవై దాకా లెక్కపెట్టింది. ఏమీ లేదు. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది, అది వేరే.

"చార్జరు మంచిదే, మిషనూ మంచిదే. ఈ బ్యాటరీలోనే ఏదో ఉంది మామయ్యా" అంది కోడలు.

"నకిలీది అంటగట్టాడు వెధవ. శుక్రవారం వెళ్ళి వాడి సంగతి చూస్తాను" అన్నాను. బ్యాటరీల మనిషిని కదా, ఇంకేమంటాను. బొట్టు సంగతి నాకు తట్టనే లేదు. తట్టలేదని అన్నాను కానీ, గురువారం మధ్యాహ్నం కండువా మీద పసుపు మరక చూసినప్పుడు ఒకసారి తట్టింది. తట్టినదాన్ని అక్కడే మడతపెట్టి పెట్టెలో దాచాను.

శుక్రవారం పొద్దున్నే బస్సెక్కాను. చిలకలూరిపేటలో మారి, గుంటూరులో దిగేసరికి పదకొండు. మిర్చి యార్డు సీజను. ఊరంతా ఘాటు, అందరూ తుమ్ముతున్నారు. షాపువాడి చొక్కా పట్టుకుని రోడ్డు మీదకి ఈడ్చానని తర్వాత చాలామందికి చెప్పాను. నిజానికి స్టూలు మీద కూలబడి, వాడిచ్చిన సోడా తాగుతూ, ఏడు తుమ్ములు తుమ్మి, "బాబూ, ఇది ఎక్కడం లేదు" అన్నాను.

షాపువాడికి నలభై ఏళ్ళుంటాయి, నెమ్మదస్తుడు. టార్చిలైటు వేసి సందుల్లోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"పెద్దాయనా, దీనికి బొట్టు ఎవరు పెట్టారండీ?"

"మా ఆవిడ" అన్నాను.

నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ మీదికి చాలా తోశాను. అంత తొందరగా మాత్రం ఎప్పుడూ తోయలేదు.

"పెళ్ళికూతురికి కాటుక కళ్ళకి పెడతారు, పసుపు కళ్ళలో పోస్తారా అండీ?" అన్నాడు. పాత టూత్‌బ్రష్షుని ఏదో స్పిరిట్‌లో ముంచి ఒక్కో సందూ తోమాడు. బ్రష్షు పచ్చబడింది. "ఈ రెండు చివర్లలో ఉన్న రేకులు కరెంటువి. మధ్యలోవి మాట్లాడుకోడానికి. నాకెంత కావాలి, ఎంత వేడెక్కాను అని బ్యాటరీ వీటితోనే మిషనుకి చెబుతుంది. మీరు దాని నోట్లో పసుపు కుక్కారు." ఆరనిచ్చి, తన దగ్గరున్న ల్యాప్‌టాప్‌కి బిగించాడు. ఎక్కింది. నిండా ఎక్కించి ఇచ్చాడు.

తిరుగు బస్సులో నిలబడే వచ్చాను. మూడు గంటలు. ఇంటికొచ్చేసరికి కోడలు గుమ్మంలో ఉంది, నా మొహం కాదు, చేతిలో సంచీ చూస్తోంది.

"తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. దెబ్బకి కొత్తది తీసిచ్చాడు" అన్నాను. ఆ ఒక్క మాట అనకపోతే పోయేది.

మా ఆవిడ వంటింట్లోంచి పసుపు గిన్నెతో వచ్చింది. "కొత్తదైతే ఇటు తే. పోయినసారి నువ్వు పెట్టావు, అచ్చిరాలేదు. ఈసారి నేను పెడతా బొట్టు."

"వద్దులేవే."

"ఏందయ్యా వద్దు? రేపు పిల్ల ఉద్యోగం. బొట్టు లేకుండా పంపుతావా? ఎక్కడ పెట్టాలో చూపించు."

వేలు ముంచింది. పసుపు బాగా తడిగా ఉంది. ఇంకో అబద్ధం అల్లే ఓపిక నాకు లేదు. "ఆగవే! అది కొత్తది కాదు, పాతదే. పాడు చేసింది నేను. సందుల్లో పసుపు కూరాను. షాపువాడికి నువ్వు చేశావని చెప్పొచ్చాను" అన్నాను, ఒక్క ఊపిరిలో.

మా ఆవిడ వేలు గాల్లోనే ఉంది. "ఏందీ, నేనా?" అంది. ఆ తర్వాత అన్నవి రాయను.

కోడలు బ్యాటరీ బిగించి, తెర చూసి, చార్జరు పీకి, పది నిమిషాలు కదలకుండా కూర్చుంది. మిషను ఆగలేదు. అప్పుడు మూత మూసి అత్తగారి ముందు పెట్టింది. "మూత మీద పెట్టండత్తయ్యా, అక్కడేం కాదు" అంది. నా వైపు చూడకుండానే, "మామయ్యకి అన్నం పెట్టండి, పొద్దుణ్ణించీ తిన్నట్టు లేదు" అంది. తినలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా.

శనివారం పదింబావుకి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. ల్యాప్‌టాప్ ఆగలేదు. తల్లిదండ్రులు విసనకర్రలుగా కాగితాలు ఊపుకుంటూ చూస్తూ కూర్చున్నారట. ఈమె పాఠం ఆపకుండా చెప్పిందట. వెనక బెంచీ మీద కూర్చుని కళ్ళారా చూశానని ఊళ్ళో చెప్పాను. ఆ టైముకి నేను మంచం మీద నిద్రపోతున్నాను. మధ్యాహ్నం ఆమె వచ్చి లేపితే తెలిసింది.

ఉద్యోగం ఇచ్చారు. వేసవి క్లాసులు కూడా ఆమెనే చెప్పమన్నారు. అందుకని ఆ ఏడు కల్లంలో తొడిమలు తీయడానికి నేనూ మా ఆవిడా కూర్చున్నాం. సాయంత్రం ఒకే మజ్జిగ గిన్నెలో నాలుగు చేతులు. పదిహేను బస్తాలకి తొడిమలు తీశానని ఇప్పటికీ చెబుతుంటాను. ఆరు. అందులో నాలుగు మా ఆవిడవి.