రక్తం ఎటు పోయింది

మా ఇంట్లో రోగాలకు కారణాలు ముందే సిద్ధంగా ఉంటాయి, రోగి రావడమే ఆలస్యం. దిష్టి, గ్యాసు, వేడి, పుట్టింటి తీరు. వీటిలో ఏదో ఒకటి తగిలించి పంపేస్తారు. జగ్గయ్యపేట బజారులో మా కిరాణా కొట్టు, దాని పైనే ఇల్లు. కింద పప్పులు పొట్లం కట్టినట్టే పైన రోగాలను పొట్లం కడతారు. కాకపోతే కింద తూకం చూస్తారు.

నా తోడికోడలిది రెడ్డిగూడెం. ఆ ఏడాది ఆమె మెట్లెక్కుతూ మధ్యలో ఆగి గోడ పట్టుకోవడం మొదలుపెట్టింది. పెదవులు సున్నం కొట్టినట్టు పాలిపోయాయి. ఇంతలో ఒకరోజు మా అత్తగారికి ఆమె దిండు కింద బలపాలు దొరికాయి. మా కొట్లో అమ్మేవే, సగం కొరికినవి.

"ఇంకేముంది, మట్టి తిని ఒంట్లో రక్తం ఇరగ్గొట్టుకుంది. తెల్లటివి తింటే ఒళ్లు తెల్లబడదూ?" అన్నారు అత్తగారు.

"ఎర్రటివి పెట్టమ్మా, రక్తం పడుతుంది" అన్నాడు మరిది. ఆమె మొగుడే, డిగ్రీ చదివినవాడు. ఆనాటి నుంచి ఆ పిల్లకి పొద్దున బీట్‌రూట్, సాయంత్రం దానిమ్మ రసం. ఎరుపు తింటే రక్తం పట్టేదైతే గోడౌన్లో మిరప బస్తాలున్నాయి, ఒకటి విప్పితే సరిపోయేది. పైకి అనలేదు. దేవుడు నాకు నోరు తక్కువ ఇచ్చాడు, కళ్లు సరిగ్గా ఇచ్చాడు. అందుకు రోజూ దండం పెట్టుకుంటాను.

బజారులో ఒక డాక్టరు సెలైన్ ఎక్కించాడు. నీరసం ఎందుకండీ అంటే రక్తం తక్కువ అన్నాడు. రక్తం ఎందుకు తగ్గిందండీ అంటే నీరసం వల్ల సరిగా తినక అన్నాడు. గానుగ చుట్టూ తిరిగే ఎద్దు వల్ల కనీసం నూనైనా వస్తుంది.

సెలైన్లతో లాభం లేకపోయేసరికి అత్తగారు తీర్పు చెప్పారు. "ఇది పుట్టింటి నుంచి తెచ్చుకున్న జబ్బు. వాళ్లే బాగుచేసుకోవాలి. బాగయితే తెచ్చుకుందాం. దాని పాప ఇక్కడే ఉంటుంది, బడి పోకూడదు."

"బాగయితే" అన్న మాట విని ఆ పిల్ల ఏడవలేదు. చీరలు సర్దుకుంటూ, "అక్కా, మళ్లీ రానిస్తారంటావా?" అంది. దిగబెట్టి రావడానికి తోడు వెళతానని మాత్రం అన్నాను.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు కాలు బాగాలేక మా నాన్నే ఇంట్లో చదువు చెప్పారు. పురాణం చదివించినా, లెక్క చేయించినా ఒక ప్రశ్న అడగకుండా వదిలేవారు కాదు: ముందు ఏది జరిగింది, తర్వాత ఏది? ఆయన నాకిచ్చిన ఆస్తి అదే, చాలా గొప్ప ఆస్తి. బస్సులో ఆ ప్రశ్నే అడిగాను.

"ముందు బలపాలా, ముందు ఆయాసమా?"

"ఆయాసమే అక్కా. మెట్ల మీద ఆగడం మొదలయ్యాకే వాటికి నోరూరడం."

అంటే ఇంటిల్లిపాదీ బండిని ఎద్దుల ముందు కట్టి తోలుతున్నారన్నమాట.

నందిగామలో బస్సు మారాలి. మారకుండా, అక్కడి ఒక ల్యాబుకి తీసుకెళ్లాను. రోగం ఎక్కడ పుట్టి ఎలా పాకుతుందో చదివిన డాక్టరమ్మ ఉంటుందని విన్నాను. ఆమె రక్తపు చుక్కని గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపులో చూసి, నన్నూ చూడమంది.

"రక్తకణం అట్టులా ఉండాలండీ, మధ్యలో కాస్త పలచన. ఈ అమ్మాయివి చూడండి, చిల్లి గారెల్లా అంచులే మిగిలాయి. ఒంట్లో ఇనుము లేదు. ఇనుము తగ్గితే కొందరికి మట్టి, బలపాలు తినాలనిపిస్తుంది. అది రోగాన్ని తెచ్చింది కాదు, రోగమే దాన్ని తెచ్చిపెట్టింది."

తర్వాత ఆ పిల్ల వైపు తిరిగింది. "ఉన్న రక్తం ఎటో పోతోందమ్మా. ఎటు?"

ఇన్నాళ్లకి ఒకరు అడిగారు. ఆమె తల వంచుకుంది.

"పూజలకి బయట చేరకుండా బిళ్లలు వేసుకుంటానండి. మానేశాక వారం పైన ఆగదు, కాలువే."

"ఏ పూజలకి?"

"వరలక్ష్మీ వ్రతం, దసరా, కార్తీకం, ఆడబిడ్డ గృహప్రవేశం, మామయ్యగారి పడిపూజ... మందుల షాపు నుంచి అత్తయ్యే తెప్పిస్తారు."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. బిళ్లలు ఆపమంది, ఇనుము మాత్రలకీ స్కానింగుకీ ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి పంపింది. స్కానింగులో లోపల గడ్డలేవీ లేవని తేలాక నేను అక్కడి మెట్ల మీదే కూర్చుని అమ్మవారిని తలుచుకున్నాను.

తలుచుకుంటుంటే ఒళ్లు మండింది. వరలక్ష్మీ వ్రతం ఆ శుక్రవారం కుదరకపోతే శ్రావణంలో మరో శుక్రవారం చేసుకోవచ్చని మా అమ్మమ్మల నాటి నుంచీ ఉంది. అమ్మవారికి అభ్యంతరం లేదు. కానీ మా పేరంటానికి గరికపాడు దాకా కొట్టు ఖాతాదారుల భార్యలను పిలుస్తారు. అమ్మవారు మరో శుక్రవారం వస్తుంది, వంటవాడు రాడు. అందుకని ఆ పిల్ల ఒళ్లు జరిపారు, తేదీ జరపలేదు. దానికి భక్తి అని పేరు.

రెడ్డిగూడెం వెళ్లకుండా ఇంటికే వచ్చేశాం.

"బస్సు దొరకలేదా?" అన్నారు అత్తగారు.

"రోగం దొరికింది అత్తయ్యా. ఇక అంత దూరం ఎందుకని."

విషయం చెప్పాను. ఆవిడ చెంగు దులుపుకున్నారు. "దేవుడి పనికి వేసుకున్న బిళ్ల చెడు చేస్తుందా? బడి మొహం చూడనిదానివి, నువ్వు నాకు రోగాలు చెప్పొచ్చావు."

"దేవుడు అడగలేదు కదండీ ఆ బిళ్ల."

మరిది స్కానింగు కాగితం అటూ ఇటూ తిప్పి, అర్థమైనట్టు తల ఊపి, పెట్టె పైకి మోశాడు. ఆ మేలు మర్చిపోను.

మరుసటి శ్రావణంలో వ్రతం ముందు వారం కాఫీ గ్లాసు పక్కన బిళ్లల అట్ట ప్రత్యక్షమైంది. తోడికోడలు దాన్ని తీసి అత్తగారి చేతిలోనే పెట్టింది. "ఈ శుక్రవారం నాకు కుదరదు అత్తయ్యా. వచ్చే శుక్రవారం చేసుకుంటా."

చేసుకుంది. కలశం, నేను, పాప. కొట్లోంచి కొబ్బరికాయలు తనే తెచ్చింది. మెట్ల మీద ఎక్కడా ఆగలేదు. వాయనం తీసుకోవడానికి పక్కింటావిడ వచ్చి, పిల్ల కళగా ఉందే, ఏం వాడారని అడిగింది.

"దానిమ్మ రసమండీ. దగ్గరుండి నేనే తాగించా" అన్నారు అత్తగారు.

తోడికోడలు నా వైపు చూసింది. నేను కలశం వైపు చూశాను. అమ్మవారికీ నాలాగే నోరు తక్కువ.