నూనె మూకుడు

పోయినేడు ఎండాకాలం కమాన్‌పూర్‌లో గోదావరిఖని ఆటో ఎక్కగానే మిరపకాయ బజ్జీల వాసన కొట్టింది. బజ్జీల బండ్ల దగ్గర మరిగి నల్లబడ్డ నూనెను వడగట్టి డీజిల్‌లో కలుపుతానని డ్రైవర్ గొప్పగా చెప్పాడు.

"ఒక ప్లేటు ఇటియ్యే, అన్నా!" అని వెనక సీట్లో ఇద్దరు ఇకిలించారు. వాళ్లను ఇంకా నవ్వించాలని అతను ఇంజన్ గట్టిగా రేజ్ చేశాడు.

నా పక్కనున్న అవ్వ కొంగుతో ముక్కు మూసుకుంది.

"ఏందవ్వా, వాసన పడ్తలేదా?" అన్నాడు డ్రైవర్.

"కొడుకును మొన్ననే కాలబెట్టినం, బిడ్డా. దినాలు అయ్యేదాక ఇంట్ల నూనె మూకుడు పెట్టద్దంటరు. నువ్వేమో నన్ను మూకుట్లనే కూసోబెట్టి తీస్కపోతున్నవు."

నవ్వులు ఆగిపోయాయి. డ్రైవర్‌కు మాత్రం రోషం వచ్చింది.

"గీ నూనె పొయ్యకుంటే నాకు గిట్టుబాటు కాదు. పడకుంటే దిగి నడువు."

"ఆపు," అంది అవ్వ.

ఆపాడు. ఎర్రటి ఎండలో, బొగ్గు లారీల దుమ్ములో చెప్పులీడ్చుకుంటూ ఆమె వెనకబడిపోయింది. మిగతావాళ్లం అదే ఆటోలో గోదావరిఖని చేరుకున్నాం.

ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే మా ఆవిడ వాసన పట్టేసింది.

"ఒక్కరే తిని అచ్చిండ్రా? మాకేవి బజ్జీలు?"