గాలి లేని రోజు పెట్టిన సంతకం

ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా నాకు పడిన ఆఖరి డ్యూటీ కోట్‌పల్లి రిజర్వాయరు దగ్గరి ఒక సొంత రన్‌వే మీద, కందులు మార్కెట్‌కు వచ్చే రోజుల్లో. రన్‌వే అన్నది నా మర్యాద, నిజానికి అది మట్టిబాట. వికారాబాద్ నుంచి అక్కడికి చేరేలోపు నా జీపు దిగిన గుంతలన్నీ కలిపితే ఇంకో రిజర్వాయరు అవుతుంది. యజమాని అనంతరెడ్డికి తాండూరులో బండల పాలిష్ యూనిట్లున్నాయి. ఆయన మీసం విమానం రెక్కల కన్నా జానెడే తక్కువ.

ముప్పై ఏళ్ల కిందట ఆయన తోకచక్రం విమానం మీదే నేర్చుకుని, తర్వాత అంతా ముందుచక్రం వాటినే నడిపాడు. ఇప్పుడు మళ్లీ పాతరకం కొన్నాడు. ఈ రకానికి బరువు వెనక ఉంటుంది. నేల తాకాక పెడళ్లతో అదుపు చేయకపోతే తోక ముందుకు తిరిగేస్తుంది. అందుకే లైసెన్సు, మెడికల్ సర్టిఫికెట్ బతికే ఉన్నా, ఇన్‌స్ట్రక్టర్ వెనక సీటులో కూర్చుని మామూలు ల్యాండింగులు, రన్‌వేకు పక్కనుంచి వీచే అడ్డగాలిలో ల్యాండింగులు చూసి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలి. అది లేనిదే ఎవరినీ ఎక్కించుకోకూడదు.

రన్‌వే పక్కన, అక్కడి పొలాల చుట్టూ పాతినట్టే, కంచెగా నాపరాతి బండలు నిలువుగా పాతించాడు. తీయించమన్నాను.

"గవి తీస్తే బర్రెలొస్తయి సార్. బర్రెలకు గూడ మీరే లైసెన్సిస్తరా?" అన్నాడు.

నవ్వాను. అక్కడితో ఆ మాట పోయింది.

ఆ రోజు గాలి ఎటు వీస్తోందో చూపే గాలిసంచి ఉరేసినట్టు వేలాడింది. మామూలు ల్యాండింగులు ఎంత మెత్తగా చేశాడంటే, ఫ్లాస్కులో చాయ్ కూడా కదల్లేదు. అడ్డగాలివి మిగిలాయి. ఇంకో రోజు వస్తానన్నాను.

"గాలి రాకుంటే నన్నేం జేయమంటరు సార్? తాండూరు నుంచి పంకలు తెప్పియ్యాల్నా? ఐతారం బిడ్డ వస్తది. మొదటిసారి దాన్ని నేనే తిప్పాలె."

మళ్లీ నవ్వాను. నవ్వుతూనే లాగ్‌బుక్‌లో అడ్డగాలి గడిలో కూడా సంతకం పెట్టాను.

ఆదివారం రిజర్వాయరు వైపు నుంచి అడ్డగాలి వీచింది. దిగాక తోక తిరగడం మొదలైంది. పెడల్‌తో సరిచేయాల్సిన క్షణంలో ఆయన కాలు ముందుచక్రం విమానాల అలవాటుగా రెండు బ్రేకులూ తొక్కింది. విమానం గిర్రున తిరిగి కంచెను కొట్టింది. ఒక బండ వెనక సీటులోకి చొచ్చుకొచ్చింది. ఆ సీటులో ఉన్న ఆయన కూతురు శ్వేత అక్కడే చనిపోయింది. తండ్రికి గీత కూడా పడలేదు.

విచారణ అధికారి ఆ లాగ్‌బుక్ నా ముందు తెరిచి, పరీక్ష జరిగిన రోజు గాలి వేగం ఎంతని అడిగాడు. సున్నా అన్నాను. బయట మెట్ల మీద అనంతరెడ్డి, "ఆ పొద్దు మీరు వద్దంటే నేను ఊకుంటుంటి సార్" అన్నాడు.

నా ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ తీసేశారు. యాభై మూడేళ్లకే రిటైరయ్యాను, తిరిగి ఇమ్మని అడగలేదు. గాలి లేని రోజు అడ్డగాలి గడి ఖాళీగా ఉండాలి, ఎదుటివాడు ఎంత నవ్వించినా.