అక్క కార్డులో నా షుగర్

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. అలిసిపోయి ఉన్నాను, గొంతు పెద్దగా లేవదు.

బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో మాదీ, మా బావగారి భార్యదీ ఒకటే గడప. యారాలే అయినా ఆమెను అక్కా అనే పిలుస్తాను. బీడీ కార్ఖానా కార్డు ఆమె పేరు మీదే ఉంది. ఇద్దరం చుట్టిన బీడీలు ఒకే గంపలో వేసి ఆ కార్డు మీదే ఇచ్చేవాళ్ళం. మా వాడలో చాలా ఇళ్ళలో ఇంతే. నాకు షుగర్ వచ్చినప్పుడు బీడీ కార్మికుల దవాఖానాలో కూడా ఆ కార్డే చూపించాను. మందు దొరుకుతోంది కదా, పేరు ఎవరిదైతే ఏమిటి అనుకున్నాం.

ఈమధ్య ఆ దవాఖానాలో అందరికీ కంప్యూటర్ కార్డులు చేశారు. పాత చీటీలన్నీ అందులోకి ఎక్కించారు. అప్పటికే అక్క కళ్ళకు పొరలు కమ్మాయి. ఆకు కత్తిరిస్తుంటే కత్తెర వేలి మీదికి వస్తోంది. ఆపరేషన్‌కని వెళితే డాక్టరు కార్డు చూసి, షుగర్ చాలా ఉంది, తగ్గాక రమ్మని పంపేశాడు.

అక్క బయట బల్ల మీద కూలబడింది.

"నాకు షుగర్ ఎప్పుడచ్చిందే?"

"నీకు రాలేదక్కా. అది నాది."

"ఓసినీ! ఇల్లు పంచుకున్నది సాలదా, రోగం గూడ నా నెత్తిన బెడితివా?"

నవ్వింది గానీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మళ్ళీ వరుసలో నిలబడ్డాం. కార్డులు చేసే అమ్మాయి మా ఊళ్ళోని భవాని పేట్ పిల్లే. మా మాట విని తల పట్టుకుంది.

"అరే మావ్షీ, ఒక్క కార్డు మీద ఇద్దరా? ఇదేమన్న బీడీల గంపనా, కలిపి పొయ్యనీకి?"

"ఇన్నేండ్లు గిట్లనే నడిచింది బిడ్డా. అక్కకు కండ్లు గావాలె. ఏం జెయ్యాల్నో జెప్పు."

"ఆమెకు మల్ల రక్తం జూపియ్యుండ్రి. నీకు వేరే కార్డు జేస్త. గని పాతయి నీ దాంట్లకు రావు. ఏది ఎవల్దో నాకెట్ల ఎరుక? నువ్వు మల్ల మొదట్నుంచి జూపించుకోవాలె."

"కానీ తియ్" అన్నాను.

అక్క రక్తంలో షుగర్ లేదని తేలింది. ఆపరేషన్ అయింది. ఇప్పుడు బీడీకి దారం సరిగ్గా చుడుతోంది. నా కొత్త కార్డు మాత్రం ఖాళీ. రిపోర్టు వస్తేనే మాత్రలట. ఇవాళ పరగడుపున వెళితే మిషన్ నడవడం లేదు, రేపు రమ్మన్నారు. మాత్రలు లేక కాళ్ళలో మంట. అక్క నల్లద్దాలు పెట్టుకుని, ఈసారి తనే డాక్టరుతో మాట్లాడతానంటోంది.

మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి. మీ గడపలో ఎవరికీ దవాఖానా దారి తెలియకుండా పోవాలి.